ఎడమ చేతి కంకణం

భోగాపురం విమానాశ్రయంలో గిజిగాడు ఎయిర్‌లైన్స్ వరసలో ఉన్న నూట అరవై మందిలో మెలకువగా ఉన్నవాళ్ళు ఇద్దరే. మిగిలినవాళ్ళంతా కదిలే కుర్చీల్లో తలలు వాల్చి దాటునిద్రలో ఉన్నారు. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా ముందుకు జరుగుతున్నాయి. వంతు వచ్చినవాళ్ళ ఎడమ మణికట్టు మీది దాటుపట్టీ చిన్నగా వణికేది. వాళ్ళు కళ్ళు తెరిచి, యంత్రానికి ముఖం చూపించి, మళ్ళీ కళ్ళు మూసుకునేవారు.

మెలకువగా ఉన్న ఇద్దరికీ పెళ్ళై తొమ్మిది రోజులు. హైమావతికి చుట్టూ ఉన్నవన్నీ ముద్దొస్తున్నాయి. నిద్రలో నోరు తెరిచిన పెద్దమనిషి, కుర్చీతో పాటు మలుపు తిరిగే ఆయన బొజ్జ, అది చూసి నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటిస్తున్న కొత్త మొగుడు పైడిరాజు.

దాటుపట్టీ వచ్చి పాతికేళ్ళయింది. మొదట ఆపరేషన్ల కోసం కనిపెట్టారు. ఎడమ మణికట్టు నాడి మీద బిగిస్తే చాలు, అనుకున్న గడువు దాకా ఒళ్ళు తెలియని నిద్ర. కుడిచేతికి కడితే పనిచేయదు. అలసట ఉండదు, కలలు రావు. ఆసుపత్రి నుంచి అది బస్సులకూ, రేషను వరసలకూ పాకింది. ఇప్పుడు అన్నం ఉడికే లోపు కూడా పట్టీ పెట్టుకునేవాళ్ళున్నారు. ఎదురుచూడటం అనే పని మనుషుల జీవితంలోంచి దాదాపు పోయింది. హైమ పెళ్ళిలో తలంబ్రాలయ్యాక, భోజనాల పిలుపు వచ్చేదాకా రెండువైపుల బంధువులూ వరసగా కుర్చీల్లో నిద్రపోయారు. మేలుకుని ఉన్నది పురోహితుడూ, పీటల మీద వీళ్ళిద్దరూ.

ఆ తరవాత తొమ్మిది రోజులూ ఇల్లంతా జనం. హైమకు తన భర్త కాఫీలో పంచదార వేసుకుంటాడో లేదో ఇంకా తెలియదు. ఇవాళ సాయంత్రం శాంటియాగోలో దిగిన రెండు గంటలకే ఆమె దక్షిణానికి వెళ్ళే మరో విమానం ఎక్కాలి. అక్కణ్ణుంచి మంచు ఖండంలోని పరిశోధన కేంద్రానికి. ఏడు నెలలు. వారానికి ఒక్కసారి సందేశాల మూట వస్తుంది, అంతే. చీపురుపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పే పైడిరాజు మూడు రోజులు సెలవు పెట్టి ఆమెను సాగనంపడానికి వస్తున్నాడు. ఎవరైనా వీధి మలుపు దాకా వచ్చి సాగనంపుతారు. ఈయన సగం భూగోళం దాటి వస్తున్నాడని చుట్టాలంతా నవ్వారు. హైమ మాత్రం పొంగిపోయింది.

టికెట్లు ఆమే కొన్నది. 'చవక ధరకే బిజినెస్ క్లాసు. కాళ్ళు చాపుకుని ప్రపంచం అంచుకి' అన్న ప్రకటన చూసింది. నాయనమ్మ వయసులో ఉండగా ఒక్కసారి, పొరపాటున దొరికిన బిజినెస్ క్లాసులో ప్రయాణం చేసిందట. కూర్చోగానే చేతికి వేడి తువ్వాలు ఇచ్చారని ఇప్పటికీ చెబుతుంది. హైమ ఆ తువ్వాలునూ, పక్కపక్కనే రెండు పడకలనూ, పదిహేడు గంటల కబుర్లనూ ఊహించుకుంది. అడగాలనుకున్నవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంది కూడా.

గేటు దగ్గర యంత్రం ఆ ఊహను రెండు వాక్యాల్లో తుడిచేసింది.

"శయన తరగతి ప్రయాణికులకు స్వాగతం. ఎక్కినది మొదలు దిగేవరకు దాటునిద్ర తప్పనిసరి."

"తప్పనిసరా? వేరే విమానాల్లో ఇష్టముంటేనే కదా," అంది హైమ.

"మీ టికెట్‌లోని పదిహేడవ నిబంధన చూడగలరు."

పైడిరాజు ఆ నిబంధనను పిల్లలకు లెక్క చదివి వినిపించినట్టు నిదానంగా చదివాడు. "పడుకున్నవాళ్ళకి భోజనం అక్కర్లేదు. సినిమాలు అక్కర్లేదు. పదిమంది సిబ్బంది అక్కర్లేదు. అందుకే ఆ ధరకి ఇస్తున్నారు. లెక్క సరిగ్గానే ఉందండీ."

"మీ లెక్కల మాస్టారి బుద్ధి కాసేపు పక్కన పెట్టండి. మనకున్నది ఈ ఒక్క పగలు. అది కూడా నిద్రలో పోతుంది."

"దిగాక రెండు గంటలు ఉంటుంది కదా."

"ఆ రెండు గంటలూ సామానుకే సరిపోతాయి."

అతను చిన్నపుస్తకం పట్టుకున్న ఆమె చేతిని చూశాడు. తప్పు తనదేనని హైమకు తెలుసు, అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

విమానం లోపల కిటికీ రెక్కలన్నీ మూసి ఉన్నాయి. నడవకు అటూ ఇటూ మూడేసి అంతస్తుల్లో మెత్తని గూళ్ళు. గిజిగాడి గూటిలాగే ఒక్కోదానికి గుండ్రటి వాకిలి. వీళ్ళిద్దరివీ కింది వరసలో పక్కపక్కన ఉన్నాయి, మధ్యలో అరచేతి వెడల్పు సందు. తువ్వాలు ఎక్కడా లేదు.

"సందులోంచి చెయ్యి ఇవ్వండి. కనీసం చెయ్యి పట్టుకుని నిద్రపోదాం," అంది హైమ.

అతని కుడిచెయ్యి వచ్చింది. మణికట్టుకు పెళ్ళికంకణం, దానికి కట్టిన పసుపు కొమ్ము ఆమె వేళ్ళకు గరుకుగా తగిలింది. పెళ్ళికొడుక్కి కుడిచేతికీ పెళ్ళికూతురికి ఎడమచేతికీ కంకణం కట్టడం వీళ్ళ ఇళ్ళల్లో ఆచారం. ఈ రోజుల్లో చాలామంది మూడో రోజే విప్పేస్తున్నారు. హైమ నాయనమ్మ ఒప్పుకోలేదు. "పదార్రోజుల పండగ దాకా ఇప్పితే ఊరుకోనే గుంటా," అని మూడు ముళ్ళు బిగించి మరీ కట్టింది.

"అయితే శాంటియాగోలో," అన్నాడు పైడిరాజు. ఎడమచేతికి పట్టీ బిగించుకున్నాడు. రెండు క్షణాల్లో అతని వేళ్ళు వదులయ్యాయి.

హైమ కూడా పట్టీ బిగించుకుని కళ్ళు మూసుకుంది. విమానం పరుగెత్తింది, లేచింది, చెవులు దిబ్బడ పడ్డాయి, విడిపోయాయి. ఆమెకు నిద్ర రాలేదు. పట్టీ విప్పి మళ్ళీ బిగించింది. అప్పుడు కనబడింది. పట్టీ లోపలి లోహపు బిళ్ళ సరిగ్గా నాడి మీద ఆనుకోవాలి. అక్కడ నాయనమ్మ కట్టిన పసుపు కొమ్ము చిటికెన వేలంత లావున కూర్చుని ఉంది. దాని మీద నుంచి పట్టీ గుడారంలా పైకి లేచి ఉంది.

పైడిరాజు కంకణం కుడిచేతికి ఉంది కనుక అతను హాయిగా నిద్రపోయాడు.

మొదటి గంట ఆమె అతని ముఖం చూస్తూ గడిపింది. ఎడమ చెవి కింద గీసుకోవడం మరచిపోయిన నాలుగు వెంట్రుకలు. కనుబొమ్మ మీద పాత గాటు. అది ఎలా తగిలిందో అడగాలని పుస్తకంలో రాసుకుంది. రెండో గంటకు పుస్తకంలో ఇంకో పన్నెండు ప్రశ్నలు చేరాయి. మూడో గంటకు ఏడుపొచ్చింది. చెయ్యి అందేంత దూరంలో మనిషి ఉన్నాడు, కానీ లేడు. దాటునిద్ర మామూలు నిద్ర కాదు, పిలిస్తే లేవడు. నాలుగో గంట దాటాక నడవలో మెత్తటి అడుగుల చప్పుడు వినబడింది. గూటి వాకిట్లో ఒక ముఖం వంగింది.

యాభై ఏళ్ళ ఆడమనిషి. నీలం కోటు మీద 'సత్యవేణి, కావలి' అని రాసి ఉంది. విమానాన్ని యంత్రమే నడిపినా, ప్రతి విమానంలోనూ మెలకువగా ఒక్క మనిషైనా ఉండాలని చట్టం. ఆ ఒక్క మనిషి ఈమె. హైమ తెరిచిన కళ్ళు చూసి ఆమె ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. తరవాత గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులు దయచేసి తమ దాటుపట్టీని సరిచూసుకోగలరు." ఎప్పుడో కంఠస్థం చేసి, ఎన్నడూ వాడని మాటల్లా ఉన్నాయవి.

హైమ చెయ్యి చాపి చూపించింది. సత్యవేణి పసుపు కొమ్మును అటూ ఇటూ జరిపి చూసింది, బిగించిన ముళ్ళకి అది కదల్లేదు. కోటు జేబులోంచి చిన్న కత్తెర తీసింది. తీసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పెళ్ళి కంకణాలూ మొలతాళ్ళూ మీరు ఒప్పుకుంటేనే తెంచాలని రూలు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను. నేను మెలకువగా ఉంటే ఏం చేయాలని ఉంది రూల్లో?"

సత్యవేణి తన పలక తెర మీద వెతికింది. చాలాసేపు వెతికింది. "ఏటీ లేదు," అంది చివరికి, కోటుకు తగ్గ భాష పక్కకు పోయి. "అలాటోళ్ళు ఉంటారని ఎవులూ అనుకోలేదు కాబోలు."

"అయితే ఈయన్ని లేపండి. మావారు. ఈ పగలు తప్ప మాకు ఏడు నెలల దాకా ఇంకో పగలు లేదు."

సత్యవేణి నిద్రపోతున్న మనిషినీ, ఈమె వాచిన కళ్ళనూ చూసింది. "మధ్యలో లేపడానికి మూడు కారణాలే ఒప్పుతారమ్మా. మంటలు. దారిలో దిగిపోవాల్సి రావడం. లేదంటే మెలకువగా ఉన్న మనిషికి ఒంట్లో బాగోక తోడు అడిగితే. మీకు బాగోలేదని రాస్తాను. అబద్ధం కూడా కాదు, సూస్తన్నాను కదా."

హైమ నోటిదాకా వచ్చిన 'సరే'ను ఆపుకుంది. మంచు కేంద్రానికి వెళ్ళేవాళ్ళ ఆరోగ్య వివరాలు ఎప్పటికప్పుడు అక్కడి డాక్టరుకు చేరతాయి. ప్రయాణంలో అస్వస్థత అని ఒక్క ముక్క చేరితే శాంటియాగోలోనే ఆపేస్తారు. ఈ ఉద్యోగం కోసం ఆమె నాలుగేళ్ళు శిక్షణ తీసుకుంది. ఆపేస్తే మాత్రం ఏం, ఆయనతో కలిసి తిరిగి వెళ్ళిపోవచ్చు కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని చూసి తనకే భయమేసింది.

"వద్దు. రాయకండి."

సత్యవేణి కత్తెర జేబులో పెట్టేసింది. "లెగండి. ఇక్కడ కూకుంటే మరీ బెంగొస్తాది," అని ముందుకు నడిచింది.

విమానం ముందుభాగంలో ఆమెకు ఒక బల్ల, రెండు మడతకుర్చీలు, తెరుచుకునే ఒకే ఒక్క కిటికీ ఉన్నాయి. రెండో కుర్చీ మీద ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. సత్యవేణి దాన్ని చింపి హైమను కూర్చోబెట్టింది. ఫ్లాస్కులోని వేడినీళ్ళతో ఒక చేతిరుమాలు తడిపి, పిండి, చేతిలో పెట్టింది.

"ముఖం తుడుసుకోండి."

హైమ ఆ రుమాలును ముఖానికి ఆనించుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పింది. నాయనమ్మ తువ్వాలు కథ విని సత్యవేణి కూడా నవ్వింది. వెంటనే తన నవ్వు తనకే కొత్తగా వినబడినట్టు ఆగిపోయింది.

కేరేజీ తెరిచి పులిహోర పెట్టింది. పలాస జీడిపప్పు ధారాళంగా వేసిన పులిహోర. కింద సముద్రం, దూరంగా మడగాస్కర్ తీరం. అక్కడ ఎర్రటి ఏళ్ళు వచ్చి నీలి నీళ్ళలో కలుస్తున్నాయి.

"ఎంత బాగుందో. ఇది రోజూ చూస్తారా మీరు?"

"వారానికి రెండుసార్లు. పదకొండేళ్ళయిపోనాది." సత్యవేణి కిటికీ వైపే చూస్తోంది. "మొదట్లో ఎవులికైనా సెప్పాలనిపించేది, అదిగో సూడండి అని. ఎవులికి సెప్తాను? నూట అరవై మందీ శవాల్లాగ ఉంటారు. దిగాక లేసి, అప్పుడే వచ్చీసామా అంటారు. అంతే, తుర్రుమంటారు. ఇంటికెళ్తే పిల్లలు బస్సుల్లో పడుకుని వస్తారు, బువ్వ ఉడికేదాకా పడుకుంటారు. నాకు మాటలు మరుపొచ్చీసాయమ్మా. ఇందాక మీ కళ్ళు తెరిసుంటే దెయ్యమనుకున్నాను."

"నేనూ మిమ్మల్ని చూసి పోలీసనుకున్నాను."

సత్యవేణి మళ్ళీ నవ్వింది. ఈసారి ఆగలేదు. నవ్వుతూనే పలక ముందుకు లాక్కుని ఏదో రాయడం మొదలుపెట్టింది. హైమ కంగారుగా లేచింది. "నా పేరు రాయొద్దన్నాను కదండీ."

"మీ పేరు కాదు."

హైమ వంగి చదివింది. 'తోడు అవసరమైన వ్యక్తి: కావలి సత్యవేణి. అస్వస్థత వివరం: పదకొండేళ్ళుగా ఎవరూ మాట్లాడలేదు. లేపవలసిన ప్రయాణికుడు: గూడు నంబరు పధ్నాలుగు.'

"మిమ్మల్ని అడుగుతారు. ఉద్యోగానికి ఏమైనా అయితే?"

"అడగనీ. అడిగితే ఒక మనిషి నాతో మాటాడినట్టే కదా." ఆమె నిద్రలో ఉన్నవాళ్ళను లేపే తాళంచెవిని మెడలోంచి తీసి హైమ అరచేతిలో పెట్టింది. "మీరే లేపండి. మొట్టమొదట కనబడే ముఖం నాదైతే పాపం బాగోదు."

పైడిరాజు కళ్ళు తెరిచి, రెప్పలాడించి, అందరూ అనే మాటే అన్నాడు. "వచ్చేశామా?"

"లేదు," అంది హైమ. "ఇంకా పదకొండు గంటలుంది."

అతను ఆ మాటను అర్థం చేసుకుంటున్నప్పుడు ముఖంలో వచ్చిన మార్పు కోసం ఏడు నెలలు మంచులో ఉండొచ్చనిపించింది ఆమెకు.

ఆ పగలు చాలా పెద్దది. విమానం పడమరకు పోతోంది కనుక సూర్యుడు సగం వేగంతో నడుస్తున్నాడు. పైడిరాజు బల్ల మీద వేలితో గీసి ఆ లెక్క చెప్పబోయాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి వద్దన్నారు. అతను కుర్చీ లేక నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పెళ్ళివారి సంచిలోంచి లడ్డూలు తీశాడు.

కాఫీలో రెండు చెంచాల పంచదార వేసుకుంటాడని తేలింది. కనుబొమ్మ మీది గాటు క్రికెట్‌లో తగిలిందన్నాడు. ఎవరి బంతికి అని గుచ్చి అడిగితే, అసలు జామచెట్టు మీంచి పడ్డానని ఒప్పుకున్నాడు. ఉప్మా అంటే హైమకు పడదని విని, "పెళ్ళిచూపులయ్యాక మా ఇంటికొచ్చిన నాడు రెండుసార్లు పెట్టించుకున్నారు కదండీ," అన్నాడు.

"మీ అమ్మగారు చూస్తున్నారు మరి."

"అమ్మ నీకోసమని కష్టపడి చేసింది. ఆవిడకీ ఉప్మా పడదు."

నీకోసం అన్న మాట దొర్లినట్టు అతనికి తెలియలేదు. హైమ విని ఊరుకుంది. కాసేపాగి, ఏమీ ఎరగనట్టు, "నువ్వు ఆ లడ్డూ సగం ఇటివ్వు," అంది. సత్యవేణి కిటికీ వైపు తిరిగి కొంగు లేక కోటు అంచే నోటికి అడ్డం పెట్టుకుంది.

అట్లాంటిక్ మీద ఓసారి చిన్న గొడవ కూడా వచ్చింది. ఏడు నెలలు అతను ఒక్కడే ఎలా ఉంటాడని ఆమె అడిగితే, "వారానికోసారి సందేశం వస్తుందిగా. మధ్యలో ఎప్పుడైనా మరీ బెంగగా ఉంటే ఆదివారాలు పట్టీ పెట్టుకుంటాను," అన్నాడు. హైమ ముఖం మాడ్చుకుంది.

"నేను లేని రోజులు దాటేస్తావా?"

"తొందరగా గడుస్తాయని."

"నేనక్కడ ఒక్కొక్క రోజూ లెక్కపెడుతుంటే నువ్విక్కడ నిద్రపోతుంటావు. నీ బెంగ కూడా నాదే. నాకు కావాలి."

ఇంజన్ల హోరు వినబడింది. మాట లేకుండా పక్కపక్కన కూర్చోవడం కూడా ఇద్దరికీ కొత్తే. చివరికి పైడిరాజు, "సరే. ఆదివారాలు కూడా మేలుకుంటాను," అన్నాడు. హైమ అతని భుజానికి తల ఆనించింది. సత్యవేణి ఇంకో ముద్ద పులిహోర తెచ్చి ఇద్దరి మధ్య పెట్టి, గూళ్ళు చూసొస్తానని వెళ్ళి గంటదాకా రాలేదు.

ఆండీస్ కొండల మంచు మీద సాయంత్రపు ఎండ పడుతుండగా విమానం దిగింది. నూట యాభై ఎనిమిది గూళ్ళలో ఒక్కసారిగా పట్టీలు వణికాయి. "అప్పుడే వచ్చేశామా," అన్న మాట మూడు అంతస్తుల్లోంచీ వినబడింది.

దక్షిణం వైపు గేటు దగ్గర హైమ ఏడవలేదు. ఏడుస్తాననే అనుకుంది. కానీ చెప్పుకోవలసినవి కొన్ని చెప్పుకున్నాక, విడిపోవడం ఆమె భయపడినంత ఖాళీగా లేదు. పైడిరాజు ఆమె సంచి సరిచేసి, ఆమె కంకణం ముడులు తడిమి చూశాడు.

"ఇంకా వారం ఉంది. ఎవరు విప్పుతారు అక్కడ?"

"నేనే విప్పుకుంటాను. నీది?"

"నాదింకా విప్పను." తన కుడిచేతి కంకణాన్ని చూసుకుని ఏదో ఆలోచించాడు. "రేపు ఇదే విమానంలో వెనక్కి వెళ్ళాలి కదా. దీన్ని ఎడమచేతికి మార్చి కడతావా? ఆవిడ పదిహేడు గంటలు ఒక్కర్తే ఉంటుంది."

హైమ అక్కడే, జనం మధ్య, ఆ ముడి విప్పి ఎడమచేతికి కట్టింది. పసుపు కొమ్ము సరిగ్గా నాడి మీదికి వచ్చేలా చూసి, నాయనమ్మలాగే మూడు ముళ్ళు వేసింది.

పదహారో రోజున, బయట చీకటి పడని మంచులో, ఆమె తన కంకణం విప్పి చిన్నపుస్తకంలో పెట్టుకుంది. మణికట్టు మీద పసుపు మరక ఇంకో పది రోజులు ఉంది. నెల గడిచేసరికి వారం వారం వచ్చిన సందేశాల మూటల్లో పైడిరాజు రాసిన పొడుగు ఆదివారాలు నాలుగు చేరాయి. నాలుగో దాని కింద సత్యవేణి నుంచి ఒకటి.

'హైమమ్మా, బాగున్నావా. కంపెనీవాళ్ళు నన్ను డాక్టరు దగ్గరికి పంపినారు. ఆయన అన్నీ అడిగి, మీకే జబ్బూ లేదని రాసిచ్చినాడు. ఉద్యోగం ఉంది. మీ ఆయన తిరిగొచ్చినప్పుడు భోగాపురంలో వరసలో లేచి ఉన్నోళ్ళకి అందరికీ చెప్పినాడట. కంకణం మీ ఇష్టం లేకుండా తెంచకూడదని రూలుంది, పెళ్ళయి ఎన్నాళ్ళయిందో అడగాలని రూలు లేదు అని. మొదట ఇద్దరొచ్చినారు. ఇవాళ పంతొమ్మిది మంది ఎడమచేతికి పసుపు కొమ్ములు కట్టుకుని ఎక్కినారు. అందులో ఒకాయనకి డెబ్భై ఏళ్ళు, పక్కన ఆయన భార్య. పెళ్ళయి నలభై నాలుగేళ్ళట, ఎప్పుడూ తీరిగ్గా మాటాడుకోలేదట. మడగాస్కర్ వచ్చినప్పుడు, అదిగో సూడండి అన్నాను. అందరూ కిటికీ దగ్గరకొచ్చి తోసుకున్నారు.

పులిహోర చాలలేదమ్మా.'